బడిలో నోరు విప్పడు, ఇంట్లో విసిరికొడతాడు. మా బాబుకు ఏమైంది?

మహేంద్రతనయ
ఆగస్టు 18, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పుట్టిల్లు పాతపట్నం. మా బాబుకు ఎనిమిదేళ్లు. రెండో తరగతి వరకు మా అమ్మావాళ్లింట్లో ఉండి అక్కడే తెలుగు మీడియంలో చదివాడు. ఈ వేసవి సెలవులయ్యాక ఇక్కడికి తెచ్చుకుని ఒడియా బడిలో మూడో తరగతిలో వేశాం. మా ఆయన ఫిబ్రవరి నుంచి విశాఖలో కంపెనీ పనికి వెళ్తున్నారు. నెలకో రెండు నెలలకో వచ్చి రెండు రోజులుండి వెళ్లిపోతారు. మార్చిలో నాకు పాప పుట్టింది.

బాబు ఒకప్పుడు గలగలా మాట్లాడేవాడు. ఇప్పుడు బడిలో నోరే విప్పడట. ఇంటికి రాగానే సంచి విసిరేస్తాడు, కూర నచ్చకపోతే కంచం విసిరేస్తాడు. పాప ఉయ్యాలను గట్టిగా ఊపేసి పారిపోతాడు. పొద్దున లేస్తే కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. నాలుగో ఏటే పక్క తడపడం మానేసినవాడు, నెలన్నర నుంచి మళ్లీ తడుపుతున్నాడు.

అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. ఆడపడుచు అమ్మమ్మ గారాబం అంటుంది. బడిలో మాస్టారు వీడికి బుర్ర తక్కువేమో చూపించండి అన్నారు. రాత్రి నిద్ర పట్టడం లేదు. నేను ఎక్కడ తప్పు చేశాను?


కాశీనగర్ మామ్మ
ఆగస్టు 19, ఉదయం 5:55

ఏటమ్మా, తప్పంటావేటి? గుంటడికి ఏదో బాధుంది, చెప్పలేకపోతున్నాడు. పెద్దాళ్లం మనమే కడుపులో మాట చెప్పలేక అంట్లగిన్నెలు ఎత్తి పడేస్తాం. దిష్టి తియ్యనీ, మీ అత్తగారి ప్రేమ అది. ఆవిడతో దానికి గొడవ పెట్టుకోకు. కాని అక్కడితో ఆగిపోకు.


రాయగడ సిస్టర్
ఆగస్టు 19, ఉదయం 9:20

నేను ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సుగా పదిహేనేళ్లుగా చేస్తున్నాను. ‘ఎందుకు’ అని అడిగే ముందు ‘ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర’ అని అడుగుతాం. కారణం చాలాసార్లు వాటిలోనే దొరుకుతుంది. కొన్ని అడుగుతాను, తీరికగా చెప్పు చెల్లీ.

పక్క తడపడం ఏ వారంలో మొదలైంది? దాహం ఎక్కువైందా, సన్నబడ్డాడా? మలం గట్టిగా వస్తోందా? గురక పెడతాడా? పాతపట్నం వెళ్లినప్పుడు ఎలా ఉంటాడు? మీ ఇంట్లో ఈ ఏడాది ఇంకేమైనా జరిగిందా?


మహేంద్రతనయ
ఆగస్టు 19, మధ్యాహ్నం 2:10

అక్కా, నువ్వు అడిగాక క్యాలెండరు తీసి చూశాను. బడిలో చేరిన రెండో వారంలో మొదలైంది. అంతవరకు నాకు తట్టనే లేదు. దాహం మామూలే, సన్నబడలేదు. విరోచనం మూడు రోజులకోసారి, అదీ ఏడుస్తూ. బడిలో మరుగుదొడ్డికి వెళ్లనంటాడు, అడగడం రాదట. గురక లేదు.

పాతపట్నంలో శనివారం ఉంటే పాత పిల్లాడే. వీధిలో ఆడతాడు, అరుస్తాడు, నవ్వుతాడు. అయితే మా నాన్నగారి కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడు. జనవరిలో నాన్నగారు పోయారు. బాబు ఆయన పక్కనే పడుకునేవాడు. ఆ రోజు వాణ్ని పక్కింటికి పంపేశాం. తాతయ్య ఊరెళ్లాడని చెప్పాం. చిన్నవాడు కదా అనుకున్నాం.

రాస్తుంటే నాకే కనబడుతోంది. తాతయ్య, నాన్న, ఇల్లు, బడి, భాష. వీటి మధ్యలో చెల్లెలు. అన్నీ ఒక్క ఏడాదిలోనే.


వంశధార గట్టు
ఆగస్టు 19, సాయంత్రం 7:05

అందరూ మెత్తగా చెప్తున్నారు కాబట్టి ఒక మాట నేనూ చెప్తా. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? కంచం విసిరితే నాన్న బెల్టు తీసేవాడు, రెండో రోజు ఎవడూ విసిరేవాడు కాదు. మా పెద్దోడు తొమ్మిదో తరగతి. ఈ మధ్య ఎదురు మాట్లాడటం మొదలుపెట్టాడు, రెండు తగిలిస్తే దారికొచ్చాడు. మందలింపు లేకపోవడమే అసలు కారణం.


గుణుపురం కుర్రాడు
ఆగస్టు 19, రాత్రి 10:30

అన్నా, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఆ బెల్టు కింద పెరిగినవాణ్ని నేను. నాకు ఇప్పుడు ఇరవై ఆరు.

నాకు అక్షరాలు కుదిరేవి కావు. చదివింది నోటితో అడిగితే చెప్పేవాణ్ని, రాయమంటే ఒత్తులు ఎగిరిపోయేవి, అక్షరాలు తారుమారయ్యేవి. బద్ధకం అన్నారు. బడిలో కొట్టారు, ఆ సంగతి తెలిసి ఇంట్లో కొట్టారు. అయిదో తరగతికి వచ్చేసరికి నేను చేసిన పని ఏమిటంటే, చదవమని లేపే లోపు పక్కవాడిని కొట్టేవాణ్ని. బయట నిలబెట్టేవారు. బయట నిలబడితే చదవక్కర్లేదు కదా. నేను రౌడీనని ఊరంతా అన్నది. చదవలేననే సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకోవడానికే అదంతా చేశానని నాకు తెలుసు.

డిప్లొమాలో ఒక మేడమ్ గమనించి పరీక్ష చేయించమన్నారు. డిస్లెక్సియా అని తేలింది. తెలివితో దానికి సంబంధం లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల్లో ఇలాంటి నేర్చుకునే ఇబ్బందులు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగవచ్చు.

దారికొచ్చాడు అన్నారు. నేనూ అలాగే వచ్చాను అన్నా. ఇంట్లో నోరు మూసుకున్నాను. ఆ కోపం ఎక్కడికీ పోలేదు.


బరంపురం మాస్టారు
ఆగస్టు 20, ఉదయం 6:15

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఒడియా బడుల్లో పాఠం చెప్పి రిటైరైన తెలుగువాణ్ని. ఆ బడిలో మాస్టారు అన్న ‘బుర్ర తక్కువ’ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

అమ్మా, మీవాడు తరగతిలో గట్టిగా చదివినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి ఊహించండి. ఒడియా అక్షరాలు పట్టుదలగా నేర్చుకున్నాడే అనుకుందాం. తెలుగులో హల్లుకు ‘అ’ కలుస్తుంది. ఒడియాలో అది ‘ఒ’ వైపు పలుకుతుంది. మనవాడు ‘ఘర’ అని చదువుతాడు, అది ‘ఘొరొ’. తరగతి మొత్తం నవ్వుతుంది. ఎవడో ఒకడు తెలుగువాడని ఎగతాళిగా ‘తెలెంగా’ అని పిలుస్తాడు. మరునాటి నుంచి ఆ పిల్లవాడు చదవడు. పిలిచినా పలకడు. నోరు విప్పకపోతే నవ్వు ఉండదని రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. ఇంత త్వరగా నేర్చుకున్న పిల్లవాడికి తెలివి లేదనడం అన్యాయం.

ఇక్కడ జాగ్రత్తగా ఒక మాట చెప్పాలి. రెండు మూడు భాషలు నేర్చుకోవడం వల్ల పిల్లలు చెడిపోరు. నత్తి రాదు, మాట ఆలస్యం కాదు. మన బరంపురంలో ఇంట తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిషు, సినిమాకు హిందీ. హాయిగా పెరుగుతున్నారు. అందుకని ఇంట్లో తెలుగు మానేయకండి. కొందరు మాస్టార్లు ఆ సలహా ఇస్తారు, వినవద్దు. వాడి దుఃఖం చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క భాష అది.

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వింటూ, మాట్లాడకుండా ఉండటం సహజం. తొందరపెట్టకూడదు. నవ్వు, ఎగతాళి ఆపడం మాత్రం ఆ బడి పని, ఈ రోజే మొదలుపెట్టాల్సిన పని.


జయపురం నాన్న
ఆగస్టు 20, మధ్యాహ్నం 1:45

మా రెండోవాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని ఇబ్బంది. కుర్చీలో కూర్చోడు, వరస తప్పి ముందుకు దూరతాడు, పెన్సిల్ రోజుకొకటి పోగొడతాడు. మూడేళ్లు మేము కూడా పెంపకమే తప్పనుకున్నాం. నా భార్యను మా బంధువులు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

డాక్టరుగారు చెప్పింది ఇది. ఇలాంటి తీరు పన్నెండేళ్ల లోపే మొదలై, ఆరు నెలలకు మించి ఉండి, ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల కనబడితేనే ఆ పేరు పెడతారు. అందుకే బడి నుంచి కూడా కాగితం నింపించుకున్నారు. వంశంలో రావడం ఎక్కువ. ఇదంతా చెప్తుంటే నాకు నా చిన్నతనం గుర్తొచ్చి చెమటలు పట్టాయి. పంచదార తింటే వస్తుందన్నది కూడా నిజం కాదట.

మహేంద్రతనయ గారూ, మీవాడు పాతపట్నంలో మామూలుగా ఉంటాడు, ఏడేళ్లు ఇబ్బంది లేదు అంటున్నారు కాబట్టి ఇది అదిలా అనిపించడం లేదు. అయినా తేల్చాల్సింది డాక్టరే. నేను రాసింది ఇంకెవరైనా చదివి, తమ పిల్లాణ్ని రోజూ తిడుతూ ఉంటే ఆగుతారని.


కొరాపుట్ టీచరమ్మ
ఆగస్టు 20, రాత్రి 8:00

మా తరగతిలో ‘మాట వినని’ పిల్ల ఒకతె ఉండేది. వెనక బెంచీ. పిలిస్తే తిరిగి చూడదు, పక్కవాళ్లు తడితే ఉలిక్కిపడి కొట్టేది. చెవిలో చీము చాలా రోజులుగా ఉందట, సగం వినబడటం లేదు. వైద్యం చేయించి, ముందు బెంచీకి మార్చాం. ఇంకో పిల్లాడు పాఠం మధ్యలో పది పదిహేను సెకన్లు చూపు నిలిపేసి శిలలా ఉండిపోయేవాడు. ధ్యాస లేదని నేనే మందలించాను. అది ఒకరకం ఫిట్స్ అని తరువాత తెలిసింది. ఇప్పటికీ ఆ పిల్లాడి ముఖం గుర్తొస్తే నా గొంతు పట్టుకుంటుంది.


రాయగడ సిస్టర్
ఆగస్టు 21, ఉదయం 10:05

టీచరమ్మ చెప్పినదే నేను కొంచెం వివరంగా రాస్తాను. మనసు అనుకునే ముందు ఒళ్లు చూడాలి.

ఆరు నెలలకు పైగా పక్క తడపకుండా ఉన్న పిల్లలు మళ్లీ మొదలుపెడితే మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష తప్పకుండా చేయించాలి. చాలామందిలో ఏమీ రాదు, కాని వదలకూడదు. మీవాడికి మలబద్ధకం ఉందని నువ్వే చెప్పావు. నిండిన పేగు మూత్రసంచిని ఒత్తుతుంది, పక్క తడవడానికి అదొక్కటే చాలు. బడిలో రోజంతా బిగబట్టుకుంటున్నాడు కదా. వాడిని తిట్టవద్దు, వాడి చేతిలో లేని పని అది.

రక్తం తక్కువైన పిల్లలు కూడా చిరాకుగా ఉంటారు. అలసిపోతారు, కొందరు మట్టి, బలపం తింటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంత మందికి ఉన్నదాన్ని మనం మొండితనం అంటున్నాం. నులిపురుగుల మాత్ర బడిలో ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు, వేయించండి.

నిద్ర సంగతి ఎవరూ అడగరు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి ఆరింటికి లేచే పిల్లాడు మధ్యాహ్నానికి పేచీ పెట్టకుండా ఎలా ఉంటాడు? ముక్కు వెనక గ్రంథులు వాచి గురక పెట్టే పిల్లలు కూడా నిద్ర చాలక పగలంతా గెంతుతూ ఉంటారు. అలసిన పెద్దలు కునుకుతారు, అలసిన పిల్లలు రెచ్చిపోతారు.

ఇంకొకటి. రాయడం కష్టంగా ఉంది, కాని రాయాలి. పిల్లవాడు ఉన్నట్టుండి మారితే, ఒక మనిషి పేరు ఎత్తగానే ముడుచుకుపోతే, ఒక ఇంటికి గాని ఒక ఆటోలో గాని వెళ్లనని ఏడిస్తే, ఒంటి మీద చెయ్యి వేయనివ్వకపోతే, ఎవరైనా వాడిని బాధపెడుతున్నారేమో మెల్లగా కనుక్కోవాలి. మగపిల్లలకు ఇలాంటివి జరగవని అనుకోవద్దు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ఆడా మగా పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ‘నువ్వు చెప్పు, నేను నమ్ముతాను’ అనే మాట ముందు వాడికి వినిపించాలి.

పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. వాళ్ల బృందం బడికి, అంగన్‌వాడీకి వస్తుంది. అందులో చూపించి, జిల్లా ఆసుపత్రికి చీటీ రాయించుకో. మానసిక వైద్యులు కావాలంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో విభాగం ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందని మీ ఇంట్లో అంటారు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే వెళ్లాలి.


గారబంద నుంచి ఒక అక్క
ఆగస్టు 21, సాయంత్రం 4:30

తాతయ్య ఊరెళ్లాడని చెప్పామన్నారు కదా, అక్కడ నా మనసు ఆగిపోయింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంటి రేకులు లేచిపోయాయి. అప్పుడు మా పాపకు ఆరేళ్లు. తుఫాను పోయింది, ఇల్లు కట్టుకున్నాం, కొబ్బరిచెట్లు పడిపోయిన బాధలో పెద్దవాళ్లం ఉన్నాం. పాప మాత్రం గాలి కొంచెం గట్టిగా వీచినా మంచం కింద దూరేది. నన్ను విడిచి బడికి వెళ్లేది కాదు. ‘అయిపోయింది కదా, మరిచిపో’ అని రోజూ చెప్పేవాళ్లం. మరిచిపోలేదు.

అంగన్‌వాడీ అక్క ఒకామె పాపతో బొమ్మలు వేయించింది. ప్రతి బొమ్మలోనూ రేకు గాల్లో ఉంది, కింద నేను లేను. ఆ రాత్రి నేను బయట ఆవును విప్పడానికి వెళ్లాను. నేను మళ్లీ రానని అనుకుంది ఆ పసిది. ఆ సంగతి అప్పుడు గాని నాకు తెలియలేదు. ‘అవును, నాకూ భయం వేసింది, అయినా వచ్చాను’ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఏడాది పట్టింది.

మీవాడు తాతయ్య కోసం ఎదురుచూస్తున్నాడేమో. ఊరెళ్లినవాళ్లు రావాలి కదమ్మా. తరువాత నాన్న కూడా ఊరే వెళ్లాడు.


మహేంద్రతనయ
ఆగస్టు 22, రాత్రి 1:50

ఈ చివరి మాట చదివి వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. మా ఆయన వెళ్లిన ప్రతిసారీ వీడు గుమ్మంలో చెప్పులు దాచేస్తాడు. అల్లరి అనుకుని రెండుసార్లు కొట్టాను.


కాశీనగర్ మామ్మ
ఆగస్టు 22, ఉదయం 5:40

తల్లీ, నాలుగు రోజులుగా చూస్తున్నాను. పదకొండున్నరకు రాస్తావు, రెండింటికి రాస్తావు. గుంటడి గురించి అందరూ అడిగారు. నువ్వెలాగున్నావమ్మా? తింటున్నావా?


మహేంద్రతనయ
ఆగస్టు 22, మధ్యాహ్నం 3:15

మామ్మా, ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు.

పాప పడుకున్నా నాకు నిద్ర రాదు. ఊరికే ఏడుపొస్తుంది. బాబు దగ్గరికొస్తే ‘తరువాత’ అనేస్తాను, ఆ తరువాత ఎప్పటికీ రాదు. పాపను ఎత్తుకున్నా ఏమీ అనిపించడం లేదు. తల్లిని కదా, ఇలా రాయకూడదేమో.


రాయగడ సిస్టర్
ఆగస్టు 22, మధ్యాహ్నం 3:40

రాయాలి చెల్లీ. ఇది కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. దీనికి మందు ఉంది, పాలిచ్చే తల్లులకు సరిపడేవి డాక్టరు చూసి ఇస్తారు. తల్లి మనసు బాగోకపోతే ఇంట్లో పిల్లలకు ముందు తెలుస్తుంది. అలా అన్నానని నీ తప్పుగా తీసుకోకు. బాబు కోసం నువ్వు చేయగల మొదటి పని నిన్ను నువ్వు చూపించుకోవడం.

14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఈ రోజే చెయ్యి. మీ అమ్మగారిని పది రోజులు రమ్మను. నీకు నువ్వే హాని చేసుకోవాలనో, పాపకు ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకు, నేరుగా ఆసుపత్రికి వెళ్లు.


వంశధార గట్టు
ఆగస్టు 24, రాత్రి 9:50

నాలుగు రోజులు ఏమీ రాయలేదు. గుణుపురం తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను.

మా పెద్దోడు దారికొచ్చాడని రాశాను కదా. నిన్న వాడి లెక్కల నోటు వెనక ఒక వాక్యం చూశాను. ‘నేను లేకపోతే ఇంట్లో గొడవలు ఉండవు’ అని రాసుకున్నాడు. క్రికెట్‌కు వెళ్లడం మానేసి రెండు నెలలైంది. తిండి తగ్గింది. చదువు మీద పడ్డాడని సంతోషించాను. ఏం చెయ్యాలో తెలియక రాస్తున్నాను.


రాయగడ సిస్టర్
ఆగస్టు 24, రాత్రి 9:58

అన్నా, ఇప్పుడే వాడి గదిలోకి వెళ్లండి. నోటు చూశానని చెప్పండి, తిట్టకండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. పురుగుమందు, మాత్రలు, తాళ్లు ఇంట్లో ఉంటే తీసి తాళం వేయండి. రాత్రి వాడి పక్కనే పడుకోండి. 14416కి మీరే ఫోన్ చేసి వాడితో మాట్లాడించండి. తెల్లారగానే ఆసుపత్రికి.

ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపులా కనబడదు. కోపంలా, ఎదురు మాటలా, మౌనంలా కనబడుతుంది.


వంశధార గట్టు
ఆగస్టు 25, ఉదయం 7:20

అడిగాను. అవునన్నాడు. పదేళ్ల తరువాత నా భుజం మీద తల పెట్టాడు. బస్సులో ఉన్నాం, బరంపురం వెళ్తున్నాం.


గుణుపురం కుర్రాడు
ఆగస్టు 25, ఉదయం 7:31

అన్నా, వెళ్లి రండి. వాడికి నాతో మాట్లాడాలనిపిస్తే ఇక్కడ మెసేజ్ పెట్టండి, ఎప్పుడైనా సరే.


బరంపురం మాస్టారు
ఆగస్టు 29, ఉదయం 6:30

ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. 1863లో పుట్టారు. తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తారు. పర్లాకిమిడి అమ్మాయికి ఆయన గురించి ఒక సంగతి చెప్పాలనిపించింది.

ఆయన 1880లో మీ ఊరి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల్లోని సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసి, వాళ్ల భాషలోనే బడులు పెట్టారు. పిల్లలు తన భాషకు వచ్చేదాకా ఆగలేదు, తానే వాళ్ల భాషకు వెళ్లారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

ఈ ముక్క మీరు ఆ బడి మాస్టారికి చెప్పవచ్చు. తగవు పెట్టుకోవడానికి వెళ్లకండి. రెండు విషయాలే అడగండి. తెలుగు వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చోబెట్టమనండి, మూత్రానికి వెళ్లాలంటే చెయ్యి ఎత్తి చూపించే గుర్తు ఒకటి ఏర్పాటు చేయమనండి. కొట్టినా, అవమానించినా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదని మీకు తెలిసి ఉంటే చాలు, మొదటి రోజే ఆ మాట ఎత్తనక్కర్లేదు.


మహేంద్రతనయ
సెప్టెంబర్ 21, రాత్రి 8:40

చాలా రోజులైంది. మా అమ్మ వచ్చి మూడు వారాలు ఉంది. నేను మందు వాడుతున్నాను. నిద్ర కాస్త పడుతోంది. మొన్న పాప నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

బాబు మూత్రపరీక్ష, షుగర్ బాగానే ఉన్నాయి. రక్తం తక్కువుందని సిరప్ ఇచ్చారు. మలబద్ధకానికి మందు, ఆకుకూర, నీళ్లు. వారానికి ఆరు రోజులు తడిపేవాడు, ఇప్పుడు రెండు రోజులు. బడిలో మాట్లాడకపోవడం ఇలాగే ఉండి, భాష వచ్చాక కూడా నోరు విప్పకపోతే మళ్లీ తీసుకురమ్మన్నారు, దానికి వేరే పేరు, వేరే పద్ధతి ఉన్నాయట.

తాతయ్య సంగతి చెప్పాం. పాతపట్నంలో అమ్మ, నేను, వాడు ఆ కుర్చీ దగ్గర కూర్చుని చెప్పాం. చచ్చిపోయారు అనే మాటే వాడాం. ‘మరి నాకెందుకు చెప్పలేదు’ అన్నాడు. చాలాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాన్న మాత్రం వస్తారని, ఏ రోజు వస్తారో క్యాలెండరులో గుండ్రంగా గీసి పెట్టాం. రోజూ పొద్దున వాడే ఒక గడి కొట్టేస్తున్నాడు. మా ఆయన రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు, ముందు వాడితోనే మాట్లాడాలని నియమం.

కంచం ఇంకా విసురుతున్నాడు. మొన్న గురువారం విసిరాడు. తరువాత తనే వచ్చి మెతుకులు ఏరాడు. పాప స్నానానికి టవల్ తేవడం వాడి పని అని అత్తగారు పెట్టారు, అది బాగా చేస్తున్నాడు. తాయెత్తు అలాగే ఉంది.

మాస్టారూ, బడిలో ఆయనను కలిశాను. మొదట విసుక్కున్నారు. మీరు చెప్పిన పంతులుగారి సంగతి చెప్పేసరికి కాసేపు ఏమీ అనలేదు. సీటు మార్చారు. నిన్న పక్కపిల్లాడిని రబ్బరు అడిగాడట. మెల్లగా, చెవిలో. ఒడియాలో అడిగాడట.


కాశీనగర్ మామ్మ
సెప్టెంబర్ 22, ఉదయం 5:50

నాన్నొచ్చే రోజు ఎప్పుడమ్మా?


మహేంద్రతనయ
సెప్టెంబర్ 22, ఉదయం 6:35

ఇంకా పదకొండు గడులు ఉన్నాయి మామ్మా. వాడే లెక్కపెట్టి చెప్పాడు.